నాన్‌కౌరీ సమాధులు, మూస్ పాఠశాల: నికోబార్ దీవుల సువార్త పరిచర్యపై ఒక చారిత్రక పరిశీలన

భారతదేశ సంఘ చరిత్రను చదివే ప్రతి వేదాంత విద్యార్థికి తరంగంబాడి పరిచయమే. 1706లో జీగెన్‌బాల్గ్, ప్లూచో అక్కడ దిగిన సంగతి, ఆ మిషనుకు చెందిన బెంజమిన్ షుల్జ్ తరువాత మద్రాసులో మన తెలుగు నేర్చుకొని బైబిలును అనువదించిన సంగతి, ఆ వ్రాతప్రతి హాలే నగరానికి చేరి అచ్చు కాకుండా ఉండిపోయిన సంగతి తరగతి గదులలో చెప్పుకుంటూనే ఉన్నాము. అయితే అదే రేవు నుండి బంగాళాఖాతము దాటి నికోబార్ దీవులకు వెళ్ళిన మరొక బృందాన్ని గూర్చి ఒకటి రెండు వాక్యాలతో సరిపెట్టుకుంటాము. కారణము ఊహించవచ్చు. ఆ బృందము పందొమ్మిది సంవత్సరాలు శ్రమించి ఒక్క సంఘాన్ని కూడా నిలబెట్టలేకపోయింది. ఫలితము లేని పరిచర్యను గూర్చి వ్రాయడానికి మిషన్ చరిత్రకారులకు ఉత్సాహము ఉండదు.

అయినా అవే దీవులలో ఈనాడు సంఘమున్నది. 2011 జనాభా లెక్కల ప్రకారము నికోబార్ జిల్లా జనాభా 36,842. వారిలో పదింట ఏడు వంతుల మంది క్రైస్తవులు. మొదటి పరిచర్య ఎందుకు ఆగిపోయింది, రెండవది ఎందుకు నిలిచింది అనే ప్రశ్న ఇప్పుడు అడగడానికి మరొక కారణము కూడా ఉన్నది. సెలవులలో బృందాలుగా బయలుదేరి, ఎవరూ వెళ్ళని తీరగ్రామాలకు, లంకలకు "సువార్త యాత్ర" చేసి రావడము మన సంఘాలలో బాగా పెరిగింది. ఆ యాత్రలను నడిపేది మనమే గనుక ఈ చరిత్ర మనకు సంబంధించినదే.

ద్వీపాలు, ప్రజలు

నికోబార్ దీవులు అండమాన్ దీవులకు దక్షిణముగా, పది డిగ్రీల జలసంధికి అవతల ఉన్నాయి. మన కథకు రెండు ద్వీపాలు ముఖ్యము. ఉత్తరాన కార్ నికోబార్: చదునైన పగడపు నేల, విస్తీర్ణము సుమారు 127 చదరపు కిలోమీటర్లు. దానికి చాలా దక్షిణముగా నాన్‌కౌరీ. కమోర్తా ద్వీపానికి, దీనికి మధ్యనున్న సముద్రము సహజమైన ఓడరేవు. అందుచేతనే ఐరోపా దేశాల కన్ను దీనిపై పడింది.

ఈ ప్రజలు కొబ్బరి మీద, పందుల పెంపకము మీద, చేపల వేట మీద బ్రతికేవారు. పక్కకు తేలుడు కొయ్య కట్టిన పడవలలో వెళ్ళి, బల్లెముతో చేపలను పొడిచి పట్టడములో నేర్పరులు. సముద్రము వారికి పొలము, బాట రెండూను. కార్ నికోబార్ మనుషులు ఇటువంటి పడవలలో సముద్రము దాటి చౌరా అనే చిన్న ద్వీపానికి కుండల కోసము వెళ్ళేవారు. వంటకుండలు చేసే హక్కు చౌరా వారిదే. మరొకరు చేస్తే కీడు వస్తుందని నమ్మకము. కుండ కోసము ప్రాణాలకు తెగించి ప్రయాణము చేసేవారంటే, ఆ ప్రజలకు కట్టుబాటు ఎంత బలమైనదో మనము గ్రహించాలి. బయట నుండి వచ్చిన వాడు ఒక సభలో చెప్పిన మాటకు ఆ కట్టుబాటు సడలుతుందా?

ఒక్కొక్క ఊరి పెద్దను "కెప్టెన్" అని పిలిచే అలవాటు కూడా అక్కడ ఏర్పడింది. కొబ్బరికాయల కోసము వచ్చే ఓడల వారి నుండి ఆ పదము వచ్చింది. బయటి వారంటే ఓడ వారు, ఓడ వారంటే బేరము. మిషనరీ కూడా ఆ ఓడలోనే దిగాడు.

తరంగంబాడి నుండి వెళ్ళిన సహోదరులు

1711లో ఫోర్, బొనే అనే ఇద్దరు ఫ్రెంచి జెస్యూట్ గురువులు ఈ దీవులకు వచ్చి, అక్కడే హతులయ్యారు. 1756లో డెన్మార్క్ ఈ దీవులను తనవిగా ప్రకటించుకొని వలస స్థావరము పెట్టబోయింది. జ్వరాలు ఆ ప్రయత్నాన్ని ఛిన్నాభిన్నము చేశాయి. ఆ సమయములోనే మొరేవియన్ సహోదరులను అక్కడికి పంపాలనే ఆలోచన పుట్టింది. జిన్‌జెన్‌డార్ఫ్ ప్రభువు భూమిలో హెర్న్‌హట్ అనే ఊరు కట్టుకొని, 1732 నుండే కరీబియన్ దీవులకు, ఆ వెంటనే గ్రీన్లాండ్‌కు సేవకులను పంపిన సంఘమిది. చేతిపని చేసుకుంటూ సువార్త చెప్పడము వారి పద్ధతి. 1760లో వారు తరంగంబాడి చేరి "సహోదరుల తోట" అనే స్థావరము ఏర్పరచుకున్నారు. అక్కడి లూథరన్ మిషనరీలకు వీరి రాక ఇష్టము కాలేదు. సంఘ శాఖల మధ్య పోటీ మన తరములో పుట్టినది కాదని దీనివలన తెలుస్తున్నది.

1768లో సహోదరులు నాన్‌కౌరీ చేరారు. అడవి కొట్టి ఇల్లు కట్టారు, తోట వేశారు. డేనిష్ స్థావరము కొద్దికాలానికే చితికిపోయింది. సహోదరులు ఒంటరిగా మిగిలారు. ఆహారము, మందులు, ఉత్తరాలు అన్నీ తరంగంబాడి ఓడ మీద ఆధారపడ్డాయి. ఆ ఓడ ఎప్పుడు వస్తుందో తెలియదు. ఖర్చుల కోసము వారు శంఖాలు, గవ్వలు, పాములు, వింత జీవులను సేకరించి పంపేవారు. ఐరోపాలో ఇటువంటి వాటిని సేకరించే ధనికులు ఆనాడు చాలామంది ఉండేవారు.

1779లో నాన్‌కౌరీకి వచ్చిన జాన్ గాట్‌ఫ్రిడ్ హేన్సెల్ అనే సహోదరుడు తన అనుభవాలను తరువాత ఉత్తరాల రూపములో వ్రాశాడు. అవి 1812లో లండనులో అచ్చయ్యాయి. ఆ పుస్తకము మొదటి పుటలోనే అతనిని "బ్రతికి మిగిలిన ఏకైక మిషనరీ" అని పరిచయము చేశారు. ఈ పరిచర్యను గూర్చి మనకు తెలిసినదానిలో ఎక్కువ భాగము ఆ ఉత్తరాల వలననే.

హేన్సెల్ చెప్పిన ఒక సంభాషణ దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను. రక్షకుని గూర్చి, పాపము గూర్చి సహోదరులు బోధించినప్పుడు ద్వీపవాసులు తాము మంచివారమని, చెడు పనులు ఎరుగమని జవాబు చెప్పారు. ఇటీవలనే మీరు కొందరిని చంపారు గదా అని సహోదరులు గుర్తుచేశారు. దానికి వారి సమాధానము: అది మీకు అర్థము కాదు, వారు బ్రతకతగని వారు, నరమాంస భక్షకులు. ఒకరి శ్రమ మరొకరి తప్పును ఎట్లా తీసివేస్తుందన్నది కూడా వారికి నమ్మదగిన మాటగా తోచలేదు.

దీనిని మనము హృదయ కాఠిన్యమని ప్రసంగములో తేలికగా చెప్పేస్తాము. ఆ సంభాషణ ఏ భాషలో జరిగిందో ముందు ఆలోచించాలి. నికోబార్ వారికి బయటి వారితో మాట్లాడడానికి తెలిసినది వర్తకుల వద్ద నేర్చిన విరిగిన పోర్చుగీసు. కొబ్బరికాయల ధర చెప్పడానికి అది సరిపోతుంది. పాపము, ప్రాయశ్చిత్తము, కృప అనే మాటలు దానిలో ఎట్లా చెప్పాలి? సహోదరులకు ద్వీపభాషపై పూర్తి పట్టు ఎన్నడూ రాలేదు. నేర్చుకుంటున్న వాడు జ్వరముతో పోయేవాడు, అతని స్థానములో వచ్చినవాడు మళ్ళీ మొదటి మాట నుండి మొదలుపెట్టవలసి వచ్చేది. సోమరితనము కారణము కాదు, మరణము కారణము. నాన్‌కౌరీ మాండలికానికి నిఘంటువు 1884లో గాని రాలేదు. అది రూప్‌స్టార్ఫ్ అనే అధికారి కృషి. అతడు 1883లో కమోర్తాలో ఒక సిపాయి చేతిలో హతుడైన తరువాత అది వెలువడింది. సహోదరులు వెళ్ళిపోయిన 97 సంవత్సరాలకు!

పదకొండు మంది నాన్‌కౌరీలోనే సమాధి అయ్యారు. మరి పదముగ్గురు తరంగంబాడి తిరిగి వచ్చాక, అక్కడ పట్టిన జ్వరాల వలన, కాలేయ వ్యాధుల వలన త్వరలోనే మరణించారు. దోమకు, ఈ జ్వరానికి సంబంధమున్నదని లోకానికి తెలియడానికి ఇంకా వందేళ్ళకు పైగా ఉంది. 1787లో పరిచర్యను మూసివేయాలని నిర్ణయమైంది. మిగిలిన వస్తువులను తీసుకొని వచ్చే పని హేన్సెల్ మీద పడింది. ఆ పని ముగిస్తూ, తన పదకొండు మంది సహోదరులు నిద్రిస్తున్న స్థలాన్ని చూసి అతడు ఏడ్చాడు. ఇన్ని ప్రార్థనలు, ఇన్ని కన్నీళ్ళు వ్యర్థము కావని మాత్రము వ్రాసుకున్నాడు.

ఆ ఇరవై నలుగురి త్యాగాన్ని తక్కువ చేయడము నా ఉద్దేశము కాదు. వారి పరిచర్య నిర్మాణములో ఒక లోపమున్నదని మాత్రము నా అభిప్రాయము. ఒక రాజ్యపు జెండా క్రింద, ఒక కంపెనీ వలస పథకానికి తోడుగా వారు అక్కడ దిగారు. 1778లో ఆస్ట్రియా ఓడ వచ్చి అదే రేవులో మరొక జెండా ఎగురవేసింది. ద్వీపవాసి దృష్టిలో ఈ తెల్లవారందరూ వచ్చి, జబ్బుపడి, చనిపోయి, మిగిలినవారు వెళ్ళిపోయేవారే. వారిలో ఒకరి మాట నమ్మి తన పితరుల కట్టుబాటు విడిచిపెట్టిన మనిషికి, వీరు వెళ్ళిపోయాక దిక్కెవరు?

సాలొమోను గారు

1831 నుండి కొన్నేళ్ళు డేనిష్ పాదిరి రోజెన్ మళ్ళీ ప్రయత్నించాడు, నిలవలేదు. 1868లో డెన్మార్క్ తన హక్కును వదులుకుంది. 1869లో బ్రిటిషు వారు కమోర్తాలో ఖైదీల స్థావరము పెట్టి, 1888లో ఎత్తివేశారు.

1890ల మధ్యలో కార్ నికోబార్‌లోని మూస్ గ్రామానికి ఒక తమిళ ఉపదేశి వచ్చాడు. పేరు వేదప్పన్ సాలొమోను. ఎస్.పి.జి. మిషనుకు చెందినవాడు. వచ్చిపోయే వర్తక ఓడల సంగతి చూసే ప్రభుత్వ ఏజెంటుగా కూడా నియమితుడయ్యాడు. కాబట్టి ఈయనకూ జెండా లేదని అనలేము. భార్యతో సహా అక్కడే కాపురము పెట్టాడన్నదే తేడా. రోగులకు మందు ఇచ్చాడు, పిల్లలను చేరదీసి బడి నడిపాడు, దినచర్య వ్రాశాడు. ఆ దినచర్యలోని భాగాలు 1902లో లండనులోని మానవశాస్త్ర సంస్థ పత్రికలో ప్రచురితమయ్యాయి.

దానిలో "దయ్యపు హత్యల" ప్రస్తావన వస్తుంది. ఊరికి కీడు తెస్తున్నాడని, దయ్యము పట్టిందని అనుమానించిన మనిషిని ఊరివారే కలిసి చంపేవారు. దానిని వారు హత్య అనుకోలేదు. బ్రతకతగని వాడు పోయాడనుకున్నారు. హేన్సెల్ విన్న జవాబే నూరేళ్ళ తరువాత మరొక ద్వీపములో సాలొమోను గారికి ఎదురైంది. ఆయన ఆ ఊరిలో నివసించేవాడు. చనిపోయినవాని పేరు తెలుసు, చంపినవాని పిల్లవాడు బడికి వస్తున్నాడు. పాపము గూర్చి బోధించడానికి ఇది చాలా కష్టమైన చోటు. అయితే బోధ అర్థమయ్యే చోటు కూడా అదే.

సాలొమోను గారు 1909లో మరణించారు. అప్పటికి పెద్ద సంఘమేమీ లేదు. ఆ సంవత్సరము ఎవరైనా నివేదిక వ్రాసి ఉంటే అది నాన్‌కౌరీ నివేదిక కంటే గొప్పగా ఉండేది కాదు. మన సంస్థలలో నివేదికలు కోరే పెద్దలు ఈ మాట గమనించాలని మనవి.

హచేవ్కా తిరిగి వచ్చుట

సాలొమోను గారి బడిలో హచేవ్కా అనే బాలుడుండేవాడు. 1884లో మూస్‌లో పుట్టాడు. బాప్తిస్మములో జాన్ రిచర్డ్‌సన్ అనే పేరు పొందాడు. సాలొమోను గారు అతనిని పై చదువుకు బర్మాలోని మాండలేకు, మిషను పాఠశాలకు పంపారు. చదివిన పిల్లలు తిరిగి ఊరికి రారన్నది మన అనుభవము. ఇతడు వచ్చాడు. 1912లో ఉపాధ్యాయుడుగా, ఉపదేశిగా తన ద్వీపానికే చేరాడు. ద్వీపానికి ఫుట్‌బాల్ ఆటను తెచ్చింది కూడా ఆయనేనని చెబుతారు.

బయటి వారి సహాయము లేకుండా ఇదంతా జరిగిందని నేననడము లేదు. జార్జ్ వైట్‌హెడ్ అనే మిషనరీ కార్ నికోబార్ భాష నిఘంటువును 1925లో రంగూనులో అచ్చు వేయించాడు. అయితే లేఖన అనువాదము నిలబడింది ఆ భాషను తల్లి ఒడిలో నేర్చిన రిచర్డ్‌సన్ గారి వలన. ఆయన 1934లో అభిషిక్తుడయ్యారు. అప్పటికి మాండలే నుండి వచ్చి ఇరవై రెండేళ్ళు. ఇంతకాలము ఒక స్వదేశ సేవకుని వేచియుండజేసిన సంఘ పాలనను గూర్చి కూడా చరిత్ర విద్యార్థులు ప్రశ్నించాలి.

1942లో జపాను సేనలు దీవులను ఆక్రమించాయి. యుద్ధము చివరి నెలలలో, గూఢచారులన్న నెపముతో కార్ నికోబార్ వారు అనేకులు చిత్రహింసలకు గురై చంపబడ్డారు. దీనిపై 1946లో సింగపూర్‌లో విచారణ జరిగింది. రిచర్డ్‌సన్ గారు కూడా మరణశిక్షకు ఎదురుచూస్తూ చెరలో ఉండగా యుద్ధము ముగిసింది. ఓడలు ఆగిపోయి, బయటి మిషను సహాయము తెగిపోయిన ఆ కాలములో సంఘము చెదరలేదు. యుద్ధము తరువాతనే అది విస్తారముగా పెరిగింది. పాత కట్టుబాటు కంటే తమతో పాటు చెరలో కూర్చున్న మనిషి మాట బలమైనదని ద్వీపవాసులు అనుకున్నారేమో. ఇది నా ఊహ. అయితే నాన్‌కౌరీలో సహోదరులకు దొరకనిది ఇదే. వారు ద్వీపము కొరకు చనిపోయారు గాని ద్వీపవాసులు దానిని తమ కొరకని చూడలేకపోయారు.

1950లో రిచర్డ్‌సన్ గారు బిషప్‌గా అభిషేకము పొందారు. అదే సంవత్సరము కార్ నికోబార్ భాషలో క్రొత్త నిబంధన వెలువడింది. 1952లో మొదటి లోక్‌సభకు ఆ దీవుల తరపున నామినేట్ అయ్యారు. 1966లో ఏర్పడిన అండమాన్ నికోబార్ డయోసీసుకు మొదటి బిషప్ ఆయనే. 1978లో ప్రభువునందు నిద్రించారు.

మన యాత్రలు

2018 నవంబరులో జాన్ అలెన్ చావ్ అనే అమెరికా యువకుడు ఉత్తర సెంటినెల్ ద్వీపానికి వెళ్ళి అక్కడి వారి చేతిలో మరణించాడు. ఆ ద్వీపము దరిదాపులకు వెళ్ళడము చట్టరీత్యా నిషిద్ధము. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధన దీనికి ఆధారము. ఆ నిషేధానికి చరిత్ర కూడా ఉన్నది. 1880లో పోర్ట్‌మన్ అనే అధికారి ఆ ద్వీపము నుండి ఆరుగురిని పోర్ట్‌బ్లెయిర్‌కు పట్టుకుపోగా, వృద్ధులిద్దరు జబ్బుచేసి చనిపోయారు. మిగిలిన పిల్లలను కానుకలతో తిరిగి దింపారు. బయటి వారి నుండి ఏ రోగము వస్తుందో ఆ ప్రజల శరీరాలకు తట్టుకునే శక్తి లేదు. నాన్‌కౌరీలో జ్వరము మిషనరీని చంపింది. సెంటినెల్‌లో మిషనరీయే జ్వరము కాగలడు.

చావ్‌ను మన యువజన సభలలో కొందరు స్తెఫనుతో పోల్చడము విన్నాను. ఆ యువకుని ప్రేమను నేను శంకించను. అయితే అతనిని అక్కడికి పడవలో చేర్చిన జాలరులను పోలీసులు అరెస్టు చేశారు. హతసాక్షిగా అతని పేరు వినిపించే సభలలో ఆ జాలరుల ప్రస్తావన ఉండదు.

ఈ మాట అనే అర్హత నాకు తప్పు చేసినందువలననే వచ్చింది. కొన్నేళ్ళ క్రిందట మా సంఘ యువకులను తీసుకొని నదీముఖద్వారము దగ్గర లంకలో ఉన్న ఒక మత్స్యకార పల్లెకు రెండు రోజుల యాత్ర చేశాను. రెండు పడవలు అడిగాము, ఇచ్చారు. కరపత్రాలు పంచాము, పాటలు పాడాము, పిల్లలకు బిస్కెట్లు ఇచ్చాము, ఫోటోలతో నివేదిక వ్రాశాము. అది చేపలు బాగా పడే సమయమని, ఆ రెండు పడవలు ఆ రెండు రోజులు వేటకు పోలేదని నాకు నెల తరువాత తెలిసింది. అడిగితే పడవ వాళ్ళు "పాస్టరు గారడిగితే కాదంటామా అయ్యా" అన్నారు. ఆ ఇళ్ళలో ఆ వారము అప్పు ఎవరి దగ్గర తెచ్చుకున్నారో నేను అడగలేదు. మెలితే ద్వీపములో పౌలు ఓడ బద్దలై, తడిసి, చలికి వణుకుతూ దిగాడు. ద్వీపవాసులు పెట్టిన నిప్పు దగ్గర కూర్చున్నాడు (అపొ. కా. 28). నేను బిస్కెట్ల పెట్టెతో దిగాను.

2004 డిసెంబరు 26న సునామీ కార్ నికోబార్ తీర గ్రామాలను తుడిచిపెట్టింది. మూస్‌లోని దేవాలయము కూలిపోయింది. ఆ తరువాత సహాయక బృందాలు ఎన్నో వచ్చాయి, వెళ్ళాయి. మిగిలిన కుటుంబాలు తీరము విడిచి లోపలి నేలలో ఇళ్ళు కట్టుకున్నాయి. అంత్యక్రియలు జరిపింది, చెదిరిన కుటుంబాలను కూర్చింది ముఖ్యముగా అక్కడి సంఘము, అక్కడి ఊరి కెప్టెన్లు.

ఇక నాన్‌కౌరీ సంగతి. 1787లో హేన్సెల్ ఏడ్చి విడిచిన ఆ ద్వీపాల వైపు సువార్త మళ్ళీ వచ్చింది. ఈసారి కార్ నికోబార్ నుండి, ఆ ద్వీపపు ఉపదేశుల ద్వారా వచ్చింది. వారికి చౌరాకు పోయే దారి తెలుసు. అక్కడి కట్టుబాట్లు తెలుసు, ఎవరింట్లో దిగాలో తెలుసు. అయితే కార్ నికోబార్ భాష వేరు, నాన్‌కౌరీ భాష వేరు. నికోబార్ సంఘానికి కార్ భాషే ఆరాధన భాష అయింది. నాన్‌కౌరీ వృద్ధురాలు ప్రార్థనలో కూర్చున్నప్పుడు వినేది పొరుగు ద్వీపపు మాటే. సహోదరులు నేర్వలేకపోయిన ఆ భాషలో చేయవలసిన పని ఇంకా మిగిలే ఉన్నది. అది చేయగలిగినవారు ఆ ద్వీపములోనే పుట్టి పెరుగుతున్నారు.